నియమం ఒకటి, కొలతలు రెండు

రాయలసీమ పల్లెల్లో ఊరి కట్టుబాటు ఒకప్పుడు డప్పుతోనే బయటికొచ్చేది. తుగ్గలి, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు, ఏ వైపు తీసుకున్నా పద్ధతి ఒకటే. రచ్చకట్ట మీద పెద్దమనుషులు కూచుని తీర్మానం చేస్తారు. దాన్ని వీధి వీధికీ చాటేది మాదిగ. తీర్మానం చేసేటప్పుడు అతను రచ్చకట్ట ఎక్కటానికి లేదు, దూరంగా కింద నిలబడాలి. చాటేటప్పుడు మాత్రం అందరికంటే ముందు నడవాలి. ఆ కట్టుబాటు తన గేరి మీద పెట్టిందే అయినా సరే, తన నోటితో తానే చెప్పాలి. గేరివాళ్ళకి ఎవరూ కూలి చెప్పగూడదు, అంగట్లో సరుకియ్యగూడదు, మాట తప్పినోళ్ళు తప్పు కట్టాల అని.

నియమం చేసేవాడొకడు, చాటేవాడొకడు. తప్పు కట్టేవాడు మాత్రం చాటినవాడి మనిషే. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. పదవులు పోయాయి గాని, మేం చెప్పిందే నియమం అనే అలవాటు పోలేదు. అది ఊరి నుంచి పట్నానికి కూడా నడిచొచ్చింది. చదువుకుని ఉద్యోగాలు సంపాదించిన దళిత కుటుంబాలు ఇవాళ ఆదోనిలో, కర్నూలులో, హైదరాబాదులో కాలనీల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ ఇళ్ళు కొంటున్నాయి, అద్దెకి ఉంటున్నాయి. అక్కడ రచ్చకట్ట లేదు. దాని బదులు నివాసుల సంక్షేమ సంఘం ఉంది, బైలాలు ఉన్నాయి, నోటీసు బోర్డు ఉంది. మనుషులూ, వాళ్ళ మనసులూ మారాయా అన్నది ప్రశ్న.

ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఒక నియమం న్యాయమైనదా కాదా అనేది దాని మాటల్ని చదివితే సగమే తెలుస్తుంది. అది ఎవరి మీద, ఎన్నిసార్లు, ఎట్లా అమలైందో చూస్తే మిగతా సగం తెలుస్తుంది. ఆ రెండో సగాన్ని రాసిపెట్టుకోవటం మన కార్యకర్తలు నేర్చుకోవాలి.

కట్టుబాటు, నియమం

ఒక ఉదాహరణ అనుకుందాం. వీధిలోకి ఎవరూ జరగగూడదని పంచాయతీ తీర్మానం చేసింది. మంచి తీర్మానమే. ఊళ్ళో పెద్దింటి బండల అరుగు మూడడుగులు బజార్లోకి వచ్చి ఉంది. గేరిలో ఒకామె ఇంటి ముందు నీళ్ళ తొట్టి పెట్టుకుంది. తొలగింపు తొట్టితో మొదలవుతుంది, తొట్టితోనే ఆగిపోతుంది. అడిగితే, 'ఏమ్మా, నియమం నియమమే గదా' అంటారు.

ఆ తొట్టి తీయమనటం తప్పని మనం వాదించనక్కర్లేదు. బజారు అందరిదీ. అరుగు ఎందుకు కదల్లేదు అన్నదే మన ప్రశ్న. అరుగు కదలనంత కాలం అక్కడ పనిచేస్తున్నది పంచాయతీ తీర్మానం పేరు పెట్టుకున్న పాత కట్టుబాటే. కట్టుబాటుకి మనిషిని బట్టి కొలత మారుతుంది. నియమానికి కొలత మారగూడదు.

ఇందులో చట్టం మాట కూడా ఉంది. ప్రభుత్వ భూమి ఆక్రమణల మీద మన ప్రాంతంలో మద్రాసు రాష్ట్రం నాటి 1905 చట్టం అమల్లో ఉంది. ఖాళీ చేయించేముందు నోటీసు ఇచ్చి, కారణం చెప్పుకోవటానికి అవకాశం ఇవ్వాలని దాని 7వ సెక్షను చెబుతుంది. పోరంబోకులో గుడిసె వేసుకున్నవాడికి ఈ సంగతి తెలియదు. అదే పోరంబోకులో కల్లం చేసుకున్న ఆసామికి తెలుసు. తెలిసినవాడికి నోటీసు వస్తుంది, తెలియనివాడి మీదికి జేసీబీ వస్తుంది.

శిక్షలో సమానత అనే ఆలోచన ఎక్కడో విదేశాల నుంచి ఊడిపడిందని కొందరంటారు. తుగ్గలికి దగ్గర్లోనే, జొన్నగిరి పక్కన ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. అదే అశోకుడు ఉత్తరాదిలో స్తంభాల మీద చెక్కించిన నాలుగో శాసనంలో విచారణలోనూ శిక్షలోనూ సమత ఉండాలన్నాడు. మరణశిక్ష పడినవాళ్ళకి మూడు రోజులు గడువు ఇప్పించాడు. రాజు గొప్పవాడని చెప్పటానికి ఇది ఎత్తలేదు. రెండు వేల రెండొందల ఏళ్ళ కిందటే ఈ నేల మీద ఈ మాట పుట్టిందని చెప్పటానికే. తర్వాత మనుస్మృతి అదే నేరానికి వర్ణాన్ని బట్టి శిక్షని మార్చింది. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టటానికి ఉన్న కారణాల్లో ఈ రెండు కొలతల నీతి ఒకటి.

నీళ్ళ దగ్గర తేలిన నిజం

మహద్ కథ మనకి పోరాటంగా తెలుసు. నియమాల అమలు గురించిన పాఠంగా కూడా దాన్ని చదవాలి. బహిరంగ జలాశయాలు అందరికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద పని అయిపోయింది. మూడేళ్ళయినా ఒక్క దళితుడు కూడా ఆ నీళ్ళు ముట్టలేకపోయాడు. 1927 మార్చి 20న వేలమంది నడిచి వెళ్ళి తాగితే దాడులు జరిగాయి. అదే ఏడాది మునిసిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. అంటే, అమలు కానంత కాలం నియమం ఉండనిచ్చారు. అమలయ్యే రోజు రాగానే నియమాన్నే తీసేశారు. కోర్టులో దళితుల పక్షాన చివరి మాట రావటానికి 1937 దాకా పట్టింది.

మన కారంచేడులో జరిగింది ఇంకొక రకం. 1985 జూలైలో, దళితులు తాగే చెరువు దగ్గర పశువుల పనితో నీళ్ళు పాడుచేస్తుంటే వద్దన్నందుకు తగువు మొదలైంది. తాగే నీళ్ళు పాడు చేయగూడదన్నది ఏ ఊళ్ళోనైనా నియమమే. ఆ నియమాన్ని దళితులు గుర్తుచేశారు. మర్నాడు, జూలై 17న, ఆరుగురు దళితుల్ని చంపారు. నియమాన్ని ఎత్తిచూపే హక్కు మీకెక్కడిది అన్నదే ఆ దాడికి అర్థం. నియమం మనకి వర్తించటంలో ఎవరికీ అభ్యంతరం లేదు. మనం దాన్ని ఇంకొకరికి వర్తింపజేయబోతేనే గొడవ. దళిత మహాసభ అదే ఏడాది పుట్టింది ఈ గాయంలోంచే.

కర్ణాటకలో కొత్తగా వేసిన బోరుబావి దగ్గర దళితుల్ని తుపాకి చూపించి ఆపిన కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా పోయింది. కింది కోర్టు శిక్ష వేస్తే హైకోర్టు కొట్టేసింది. 1992 డిసెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుని తప్పుబట్టింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ కె.రామస్వామి అంటరానితనం నేరాల్ని మామూలు నేరాల్లాగా చూడగూడదని వివరంగా రాశారు.

కాగితం మీద సమానం, చేతిలో అసమానం

మాటల్లో కులం లేని నియమంతో కులం పాటించవచ్చు. ఈ కిటుకు మన దగ్గరే పుట్టలేదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 1880లో ఒక నియమం చేసింది. చెక్క ఇళ్ళలో బట్టలుతికే దుకాణం పెట్టాలంటే పాలకమండలి అనుమతి కావాలని. వినటానికి అగ్నిప్రమాదాల జాగ్రత్త. అందులో చైనావాళ్ళ మాటే లేదు. అనుమతి అడిగిన సుమారు 200 మంది చైనీయులకి లేదన్నారు. చైనీయులు కాని సుమారు 80 మంది అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. 1886లో యిక్ వో కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు, నియమం మాటల్లో ఎంత సమానంగా ఉన్నా అమలులో ఇట్లా ఉంటే అది వివక్షేనని తేల్చింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటి. ఆ తీర్పుకి ఆధారం ఉపన్యాసం కాదు, లెక్క. ఎంతమంది అడిగారు, ఎవరికి ఇచ్చారు, ఎవరికి లేదన్నారు.

అక్కడి ఇంటి యజమానులు తమ ఇళ్ళు నల్లవాళ్ళకి అమ్మగూడదని, అద్దెకివ్వగూడదని ఒప్పందాలు రాసుకునేవాళ్ళు. అట్లాంటి ఒప్పందాల్ని కోర్టుల ద్వారా అమలు చేయటం కుదరదని 1948లో షెల్లీ కేసులో చెప్పారు. ఇళ్ళ విషయంలో వివక్షని నిషేధించే చట్టం 1968లో వచ్చింది. పేపరు మీద నిషేధం తొలగిపోయినా, గడ్డి ఎత్తు, గోడ రంగు, చుట్టాల రాకపోకలు లాంటి చిన్న చిన్న నియమాల్ని ఏరి ఏరి వాడటం అనే సమస్య మిగిలే ఉంటుంది. మన అపార్ట్‌మెంట్లలోనూ అంతే.

కాలనీ గేటు లోపల

మన అపార్ట్‌మెంట్లలో బైలాలు చదివితే కులం మాట కనపడదు. 'పరిశుభ్రత', 'మర్యాద', 'ఇతరులకి ఇబ్బంది కలగకుండా' అనే మాటలుంటాయి. ఈ మెత్తటి మాటల్లోనే పట్టు ఉంది. ఒక దళిత టీచరమ్మ అద్దెకి దిగిందనుకుందాం. ఆదివారం ఆమె వంటింటి వాసన 'ఇబ్బంది' అవుతుంది. పై అంతస్తులో రాత్రి పదకొండు దాకా మోగే భజన మైకు ఇబ్బంది అవదు. ఊరినుంచి ఆమె అన్న, వదిన సుగ్గికి పోతూ దారిలో ఒక రాత్రి ఆగితే, 'బయటివాళ్ళు ఉండగూడదు' అన్న నియమం గుర్తొస్తుంది. ఎదురింటికి నెలరోజులు వచ్చి ఉన్న చుట్టాలు బయటివాళ్ళు కారు. ఇట్లా నాలుగు నోటీసులు చాలు, ఆమే ఖాళీ చేసి పోతుంది. ఎవరూ 'మీరేమిట్లు' అని అడగనక్కర్లేదు.

అందుకని నియమాన్ని రెండుసార్లు పరీక్ష చేయాలి. మొదటిది, అది పుట్టుకలోనే ఒకరి మీద పడేట్టు ఉందా? 'పనివాళ్ళు లిఫ్టు ఎక్కగూడదు' అనే నియమాన్ని ఎంత సమానంగా అమలు చేసినా అది అన్యాయమే, ఎందుకంటే దాన్ని తప్పే అవకాశం ఒక తరగతి మనుషులకే ఉంది. అట్లాంటి నియమాన్ని రద్దు చేయమని అడగాలి. రెండోది, నియమం మంచిదే అయితే, దాని అమలు అందరికీ ఒకటేనా? ఇక్కడ సమాన అమలు కోరాలి. ఈ రెంటినీ కలిపేసుకుంటే మన వాదన బలహీనపడుతుంది. మంచి నియమాన్ని వ్యతిరేకించినవాళ్ళమవుతాం, లేదా చెడ్డ నియమానికి సమాన అమలు అడిగినవాళ్ళమవుతాం.

చట్టం ఎక్కడ పనికొస్తుంది

ఇది సంఘం అంతర్గత వ్యవహారం, ప్రైవేటు ఆస్తి, మాకు రాజ్యాంగం వర్తించదు అని కమిటీలు అంటుంటాయి. అహమ్మదాబాదులోని పార్సీల గృహనిర్మాణ సహకార సంఘం కేసులో 2005లో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసిన బైలాని సమర్థించింది. ఆ తీర్పుని చూపించి మనల్ని భయపెట్టేవాళ్ళుంటారు. కాని 17వ అధికరణం సంగతి వేరు. అంటరానితనాన్ని ఏ రూపంలో పాటించినా అది నిషేధం, పాటించేది ప్రభుత్వమైనా ప్రైవేటు మనిషైనా.

ఆ అధికరణాన్ని ఆచరణలో పెట్టటానికి 1955లో చేసిన చట్టం 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయింది. దాంట్లో నాలుగు సంగతులు మనకి బాగా కావాలి. ఒకటి, ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవటాన్ని, సంపాదించుకోవటాన్ని, కాపురముండటాన్ని అంటరానితనం కారణంగా ఆపితే 4వ సెక్షను కింద నేరం. రెండు, బహిష్కరణకి 7వ సెక్షను ఇచ్చిన అర్థంలో ఇల్లు అద్దెకి ఇవ్వకపోవటం కూడా ఉంది. మూడు, బాధితులు షెడ్యూల్డు కులాలవాళ్ళయితే, ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా భావించాలని 12వ సెక్షను చెబుతుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాళ్ళు. నాలుగు, 14వ సెక్షను 'కంపెనీ' అన్న మాటలో వ్యక్తుల సంఘాల్ని కూడా చేర్చింది. అంటే నివాసుల సంఘం పేరు చాటున కమిటీ పెద్దలు తప్పించుకోలేరు.

1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దళితుల మీద, ఆదివాసుల మీద సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించటమే కాదు, విధిస్తామని బెదిరించటం కూడా దాని కింద నేరమే. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది. డప్పు కొట్టించి చాటిన పాత వెలికి ఇది నేరుగా జవాబు.

ప్రతి తగువునీ క్రిమినల్ కేసు చేయనక్కర్లేదు. సంఘం సహకార చట్టం కింద రిజిస్టరయితే, 1964 చట్టం 61వ సెక్షను ప్రకారం వివాదాన్ని రిజిస్ట్రారు దగ్గరికి తీసుకుపోవచ్చు. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరయితే, సభ్యులు జిల్లా కోర్టుకి పోవచ్చు. పంచాయతీ ఎవరెవరికి నోటీసులిచ్చిందో, ఎవరి దగ్గర జరిమానా వసూలు చేసిందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. అసమాన అమలుని రుజువు చేయటానికి ఆ జాబితాని మించిన సాక్ష్యం లేదు.

న్యాయంగా అమలంటే ఏమిటి

ఊరి కమిటీ అయినా, కాలనీ సంఘం అయినా, విద్యార్థుల హాస్టలు కమిటీ అయినా ఈ కింది పద్ధతులు పాటిస్తే సగం తగువులు పుట్టవు.

నియమం రాతలో ఉండాలి, తెలుగులో ఉండాలి, అందరికీ ముందే తెలియాలి. నిన్న జరిగినదానికి ఇవాళ నియమం చేసి శిక్ష వేయగూడదు.

నోటీసులో ఏ నియమం, ఏ రోజు, ఏం జరిగింది అనేది రాయాలి. 'మీ ప్రవర్తన బాగాలేదు' అన్నది నోటీసు కాదు, తిట్టు.

ఎదుటి మనిషి మాట వినాలి. కూచోబెట్టి వినాలి. రచ్చకట్ట కింద నిలబెట్టి అడిగేది విచారణ అనిపించుకోదు. ఫిర్యాదు చేసినవాడు తీర్పు చెప్పేవాళ్ళలో ఉండగూడదు.

మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఇంత, మూడోసారి ఇంత అని జరిమానా ముందే నిర్ణయించుకోవాలి. అది అధ్యక్షుడి తమ్ముడికైనా అంతే. మినహాయింపు ఇస్తే కారణం రాయాలి. కష్టంలో ఉన్నవాళ్ళకి గడువివ్వటం పక్షపాతం కాదు. అట్లాంటి కష్టమే వచ్చిన ఇంకొకరికి ఇవ్వకపోతే పక్షపాతం.

నీళ్ళు, దారి, కరెంటు, శ్మశానం, వీటిని శిక్షగా ఎవరికీ ఆపగూడదు. ఒక మనిషి తప్పుకి ఇంటిల్లిపాదినీ, ఒక ఇంటి తప్పుకి గేరి మొత్తాన్నీ బాధ్యుల్ని చేయగూడదు.

నిర్ణయం నచ్చనివాళ్ళు పైన చెప్పుకోవటానికి చోటుండాలి, గడువుండాలి. అశోకుడు ఇచ్చిన మూడు రోజులు మన కమిటీలు ఇవ్వలేవా?

అన్నిటికంటే ముఖ్యం, రిజిస్టరు. తేదీ, నియమం, ఎవరు తప్పారు, ఎవరు ఫిర్యాదు చేశారు, ఏం చర్య తీసుకున్నారు. అయిదు గడుల కాగితం. మూడేళ్ళ రిజిస్టరు ముందుపెట్టుకుని కూచుంటే, నియమం ఎవరి మీద నడుస్తున్నదో చదువు రానివాళ్ళకి కూడా తెలిసిపోతుంది. కమిటీ రాయకపోతే మనమే రాసుకోవాలి. పదో తరగతి పిల్లలు చేయగలిగిన పని ఇది.

మన సంఘాల సంగతి

ఇదంతా అవతలివాళ్ళకి చెప్పి ఊరుకుంటే మనమూ రెండు కొలతలవాళ్ళమే అవుతాం. ఎస్సీ కాలనీలో కమ్యూనిటీ హాలు తాళం ఎవరి దగ్గర ఉంది? కుళాయి దగ్గర వంతు తప్పితే నాయకుడి ఇంటివాళ్ళకీ, మొగుడు చనిపోయిన ఒంటరి ఆడమనిషికీ ఒకటే మాట చెబుతున్నామా? మాలలు ఎక్కువున్న చోట మాదిగలకి, మాదిగలు ఎక్కువున్న చోట డక్కలి, చిందు కులాలవాళ్ళకి ఒకటే నియమం నడుస్తోందా? 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అడిగింది కూడా అదే, సమానంగా రాసిన హక్కు సమానంగా అందుతున్నదా అని.

ఆడవాళ్ళ విషయంలో మన కట్టుబాట్లు మరీ ఒంటికన్నువి. కులం దాటి పెళ్ళి చేసుకుంటే కొడుకుని పిలిచి భోజనం పెడతాం, కూతురికి తలుపేస్తాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో వాడల్లోని ఆడవాళ్ళు తమ కట్టుబాట్లు తామే చేసుకున్నారు. కింద నుంచి నియమం పుట్టటం అంటే అది. అట్లాంటి కట్టుబాటు నిలబడాలన్నా, తన మొగుడికీ పక్కింటామె మొగుడికీ ఒకే తప్పు వేయాలి. లేకపోతే నెల తిరక్కుండా సారా మళ్ళీ వచ్చి కూచుంటుంది.

సమానంగా అమలు చేస్తే మనవాళ్ళే ముందు నష్టపోతారని, పేదవాడికి నియమం భారమని కొందరు మిత్రులు అంటారు. ఆ భయం ఉత్తిది కాదు. ఇంటి విస్తీర్ణం చూడకుండా అందరికీ ఒకే మెయింటెనెన్సు రుసుం పెడితే చిన్న ఇంటివాడికి అన్యాయమే. అక్కడ నియమాన్ని మార్చాలి. అమలుని గుడ్డిగా వదిలేయటం మాత్రం పరిష్కారం అవదు. నియమం వదులుగా ఉన్న చోట లాభపడేది బలమున్నవాడే. ఫ్యాక్షన్ చూసిన ఈ గడ్డ మీద మనకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బలం లేనివాడికి నియమమే ఊతకర్ర. దాన్ని వంకర లేకుండా నిలబెట్టుకోవటం వాడికే అవసరం.

ఉపాధ్యాయులు, విద్యార్థులు ఒక పని చేయవచ్చు. మీ ఊళ్ళోనో కాలనీలోనో ఒక్క నియమాన్ని ఎంచుకోండి. కుళాయి వంతు కావచ్చు, బజారు ఆక్రమణ కావచ్చు, అతిథుల నియమం కావచ్చు. గడిచిన మూడేళ్ళలో దాన్ని తప్పినవాళ్ళెవరు, చర్య ఎవరి మీద జరిగింది, తేదీలతో రాయండి. దాన్ని గ్రామసభలోనో సర్వసభ్య సమావేశంలోనో గట్టిగా చదవండి. ఒకప్పుడు మన చేత మన వెలినే చాటించారు. ఈ లెక్కని మనం చాటుదాం, రచ్చకట్ట మీద కూచుని.